వేలు తీసినా వదలని బటన్

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 10

చిరంజీవి అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ పిన్నీ కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ముప్ఫై ఏళ్ళు రోలర్ల పక్కన నిలబడ్డ చెవులమ్మా ఇవి. ఫోనులో నువ్వు ఏం చెప్పినా రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు వినపడుతుంది. ఊఁ ఊఁ అని పెట్టేస్తాను, తర్వాత ఏమందని పిన్ని అడిగితే నీళ్ళు నములుతాను. మెసేజీలంటావా, రోజంతా ఫ్యాక్టరీలో ఒక తెర నొక్కి వచ్చాక ఇంట్లో ఇంకో తెర నొక్కాలంటే విసుగు.

నిన్నొక సందేహం అడగాలి. ఫ్యాక్టరీ తెరల మీద బటన్లు తయారుచేసే పని నీది. నీకంటే తెలిసినవాళ్ళు నాకెవరున్నారు?

మా సబ్బు ఫ్యాక్టరీలో నేను చూసే యంత్రం నీకు చిన్నప్పుడు చూపించాను. సబ్బు ముద్దని పల్చటి పొరలుగా నొక్కే మూడు రోలర్లు. అప్పట్లో దానికి నిజం బటన్లుండేవి. పచ్చది నొక్కితే తిరిగేది, ఎర్రది నొక్కితే ఆగేది. మూడేళ్ళ కిందట అవి పీకేసి గోడకి తెర బిగించారు. ఇప్పుడు పచ్చదీ బొమ్మే, ఎర్రదీ బొమ్మే. వెనకాల ఉన్న కంట్రోలరు అనే డబ్బాకి ఈ తెర కబురు చేరవేస్తే, ఆ డబ్బా మోటారుని తిప్పుతుందట.

సందేహం ఏమిటంటే, ఎవరూ నొక్కకుండా ఆ పచ్చ బటన్ తనంతట తాను పనిచెయ్యగలదా? వేరే ఫ్యాక్టరీలో ఉన్న స్నేహితుడొకడు అడిగాడు. వాడి దగ్గర అలా జరిగిందట. తొందరేం లేదు. తొందరేం లేదన్నానని ఆలస్యం చెయ్యకు.

నాకు పది రోజులుగా సెలవు. ఇంట్లో ఖాళీగా ఉన్నానని మీ పిన్ని అలమారలన్నీ నాచేత సర్దిస్తోంది. సర్దినవి మళ్ళీ తను సర్దుకుంటోంది.

ఆశీస్సులతో,
బాబాయి


ఆఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 17

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమేసిందో. మీ ఇంట్లో ఉండి చదువుకున్న ఆరేళ్ళలో నా లెక్కలన్నీ నువ్వే దిద్దేవాడివి. ఇన్నాళ్ళకి నువ్వు నన్నొక ప్రశ్న అడిగావు. కాస్త గొప్పలు పోనీ.

బటన్ తనంతట తాను నొక్కుకోదు బాబాయ్. దానికి ప్రాణం లేదు, బుద్ధి లేదు, మన మీద పగ లేదు. రోజూ ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి మాకు. "నేను నొక్కలేదు, అదే మొదలైంది" అంటారు. రికార్డు తీసి చూస్తే వందకి తొంభై తొమ్మిది సార్లు మనిషి వేలే. మోచెయ్యి తగలడమో, తుడిచే గుడ్డ తగలడమో, మరిచిపోవడమో. ఆ మిగిలిన ఒక్కటి తెర మీద నీళ్ళు పడి జరుగుతుంది. మీ స్నేహితుణ్ణి బాగా గుర్తు చేసుకోమను. పాపం, వయసు ఎంత?

అన్నట్టు నువ్వు పది రోజులు సెలవు పెట్టడమేమిటి? జ్వరంలో కూడా డ్యూటీకి వెళ్ళిన మనిషివి. ఒంట్లో బాగానే ఉందా? పిన్నిని అడిగానని చెప్పు.

నీ
అమ్మడు


ఇంటి నుంచి,
ఫిబ్రవరి 24

అమ్మడికి,

తొంభై తొమ్మిది అని రాశావు. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. ఉత్తరం చదివి వినిపించమని పిన్ని అడిగితే మిగతాదంతా చదివి, అది వదిలేశాను.

స్నేహితుడెవడూ లేడమ్మా. ఆ యంత్రం నాదే. సెలవు నేను పెట్టింది కాదు, వాళ్ళు పొమ్మన్నది.

రోలర్లు కడిగే ఆవిడ ఒకామె ఉంది. పదకొండేళ్ళుగా నా షిఫ్టులోనే. నేను చెల్లెమ్మా అంటాను, తను అన్నా అంటుంది. జనవరి 29న, పొద్దున్న పదీ యాభై దాటింది. యంత్రం ఆపి ఉంది. రోలర్లకి అడ్డంగా ఉండే ఇనప జాలీ తలుపు తీసి కడిగింది. అయిపోయాక కుడిచేత్తో తలుపు వేసింది. ఎడమచెయ్యి ఇంకా కిందనుంచి, రోలర్లకి ఆనుకున్న పళ్ళెం తుడుస్తోంది. తలుపు పడింది, రోలర్లు తిరిగాయి.

నేను తెరకి ఆరడుగుల దూరంలో నీళ్ళు తాగుతున్నాను. నాకు చప్పుడు వినపడలేదు. కాళ్ళ కింద నేల అదిరితే తిరిగి చూశాను. పరిగెత్తి ఎర్రది కొట్టాను. అప్పటికే మూడు వేళ్ళు పోయాయి.

ఆమె అరవలేదు. నా వైపు చూసింది. పెదాలు కదిలాయి. చెవులు పోయినప్పటినుంచి నాకు పెదాలు చదవడం అలవాటు. "అన్నా, ఎందుకు?" అంది.

నేను నొక్కాననుకుంది.

కంప్యూటర్లో రికార్డు తీశారు. పదీ యాభై రెండుకి స్టార్ట్, ఆపరేటరు నేను. మేనేజరు పిలిచి అడిగాడు. చేతిలో గ్లాసు ఉందని చెప్పాను. "ఏ చేతిలో?" అన్నాడు. ఎడమచేతిలో అన్నాను. "అయితే కుడిచెయ్యి ఖాళీయే కదా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తప్పు లెక్క దిద్దే పంతులులా అన్నాడు.

విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. నెల రోజులుగా ఆ ఆరడుగులు కొలుస్తున్నాను. మొదట్లో నేను నొక్కలేదని నాకు ఖాయంగా తెలుసు. తర్వాత తర్వాత, గ్లాసు తీసుకోబోతూ ఏమైనా నొక్కానా అనిపించడం మొదలైంది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నా వేలు ఆ పచ్చబొమ్మ మీద కనపడుతోంది. వయసు అడిగావు. యాభై ఏడు.

బాబాయి


ఆఫీసు నుంచి,
ఫిబ్రవరి 28

బాబాయ్,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. పక్క సీటావిడ వచ్చి భుజం తట్టి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. నేను రాసిన ఆ వెధవ మాటలు, ఆ తొంభై తొమ్మిది, వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. నువ్వు స్నేహితుడని అబద్ధమాడినా నేను కనిపెట్టాల్సింది. నువ్వు సెలవులో ఉన్నావని చదివి కూడా నాకు వెలగలేదు.

నువ్వు నొక్కలేదు. నొక్కావని నేను నమ్మను. కానీ నా నమ్మకం విచారణలో చెల్లదు కాబట్టి నేనడిగేవాటికి బాగా గుర్తు చేసుకుని రాయి. ఊహించి రాయకు, గుర్తులేకపోతే లేదని రాయి.

ఆమె తలుపు తియ్యకముందు, ఆ రోజు పచ్చ బటన్ చివరిసారి నువ్వెప్పుడు నొక్కావు? నొక్కినప్పుడు యంత్రం తిరిగిందా? తిరక్కపోతే తెర మీద ఏం కనపడింది? ఆ తెర ఎప్పుడైనా "బటన్ ఎర్రర్" అని చూపించేదా, ఎన్నో నంబరు? ఇంకొకటి. కంట్రోలరు ఉండే ప్యానెల్ పెట్టె తలుపు లోపలివైపు సాధారణంగా ఏవో కాగితాలు అంటించి ఉంటాయి. నిన్ను లోపలికి రానివ్వరు కాబట్టి మీ మెకానిక్‌ని అడిగి, వాటిలో ఏముందో మక్కికి మక్కి రాసి పంపు.

చెల్లెమ్మగారు ఎలా ఉన్నారు? నువ్వు వెళ్ళి చూశావా?

నీ
అమ్మడు


ఆసుపత్రి వరండా నుంచి,
మార్చి 8

అమ్మడికి,

ఇక్కడ కూర్చోవడానికి బల్ల ఉంది, రాసుకోవడానికి ఒడి ఉంది. చెల్లెమ్మ కట్టు మారుస్తున్నారు. మూడుసార్లు వచ్చి గుమ్మందాకా వెళ్ళి తిరిగిపోయాను. నాలుగోసారి వాళ్ళ అమ్మాయి చూసి, లోపలికి రమ్మంది. వెళ్ళాను. చెల్లెమ్మ నా ముఖం వైపు చూడలేదు, కుర్చీ వైపు చూపించింది. కూర్చున్నాను. గంటసేపు ఇద్దరం కిటికీ వైపు చూశాం.

నువ్వడిగినవి చెబుతాను.

ఆ రోజు పదీ ముప్ఫై ఎనిమిదికి పచ్చది నొక్కాను. టైము ఎలా తెలుసంటే అప్పుడే రిజిస్టరు నింపాను. జాలీ తలుపు సరిగ్గా పడలేదు, నేను చూసుకోలేదు. తలుపు పడకపోతే యంత్రం తిరగదు, అంత జాగ్రత్త పెట్టారు. అందుకే తిరగలేదు. నా వేలు ఇంకా బటన్ మీద ఉండగానే తెరంతా ఎర్రబడి, "తలుపు తెరిచి ఉంది" అనే పేజీ వచ్చి పడింది. వేలు తీశాను. ఎలాగూ ఆగింది కదా, ఒకసారి కడిగెయ్యమని చెల్లెమ్మతో అన్నాను. ఆ తర్వాత నేను తెర ముట్టలేదు. ముట్టలేదనే ఇవాళ నాకనిపిస్తోంది.

బటన్ ఎర్రర్ సంగతి. వచ్చేదమ్మా, పన్నెండో నంబరు. ఎర్ర పేజీ వచ్చినప్పుడల్లా దాని వెనకే ఇదీ వచ్చి కూర్చునేది. మళ్ళీ మొదటినుంచి అన్నీ సరిచేసి, ఒప్పుకుంటున్నానని నొక్కితే గానీ కదిలేది కాదు. షిఫ్టుకి ఇరవైసార్లు. ప్రాణం తీసేది. డిసెంబరులో మెకానిక్ ఆ ప్యానెల్ కాగితం చూసి ఏదో చేశాడు, ఇక రాలేదు. అందరం అతన్ని మెచ్చుకున్నాం.

ఆ కాగితం అతను రాసి ఇచ్చాడు. ఉన్నదున్నట్టు ఇది:

"బటన్ ఎర్రర్ 12 తరచుగా వస్తుంటే, సెట్టింగుల పేజీలో 'విడుదల తనిఖీ' ఎదురుగా ఉన్న టిక్కు తీసివేయండి. ఎర్రర్ మళ్ళీ రాదు. యంత్రం పనితీరుకు దీనివల్ల ఎలాంటి ఇబ్బందీ ఉండదు. నిశ్చింతగా పని కొనసాగించండి."

ఇంతే. దీనివల్ల నీకేమైనా తెలిస్తే రాయి. విచారణ ఏప్రిల్‌లో అంటున్నారు. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే పెన్షను జోలికి రామని మేనేజరు కబురంపాడు. పెట్టేద్దామా అనిపిస్తోంది.

బాబాయి


మార్చి 13

బాబాయ్,

దేని మీదా సంతకం పెట్టకు. ఎవరొచ్చి అడిగినా పెట్టకు. నువ్వు నొక్కలేదు. ఇది నేను ఊరడింపుకి రాయడం లేదు, తెలిసి రాస్తున్నాను.

మిగతాది తర్వాత రాస్తాను.

అమ్మడు


ఇంటి నుంచి,
మార్చి 20

బాబాయికి,

ఇది ఐదోసారి రాయడం. నాలుగు చింపేశాను. వాటిలో నా గురించే ఎక్కువ ఉంది.

ముందు జరిగింది చెబుతాను. నువ్వు పచ్చ బొమ్మ మీద వేలు పెడితే, తెర కంట్రోలరుకి "నొక్కారు" అని చెబుతుంది. వేలు తీస్తే "వదిలారు" అని చెప్పాలి. వేలు తీసేలోపు ఆ పేజీయే మాయమై ఎర్ర పేజీ వస్తే, వేలు తీసిన సంగతి గమనించడానికి అక్కడ బటనే లేదు. "వదిలారు" అనే కబురు వెళ్ళదు. కంట్రోలరు లెక్కలో నీ వేలు ఇంకా పచ్చ బటన్ మీదే ఉంది. తలుపు తెరిచి ఉంది కాబట్టి తిప్పకుండా కాచుకుని ఉంటుంది. పద్నాలుగు నిమిషాలు అలాగే ఉంది. ఆమె తలుపు వేసిన క్షణాన తిప్పింది. రికార్డు రాసుకునేది మోటారు తిరిగిన టైముని, నీ పేరుతో తెర తెరిచి ఉంది కాబట్టి నీ పేరుతో.

ఇలా జరగకూడదనే ఆ 'విడుదల తనిఖీ', ఆ ఎర్రర్ పన్నెండు పెట్టారు. వదిలిన కబురు రాలేదు, మనిషి వచ్చి చూసేదాకా కదలను అని తెర మొండికేసేది. ఇరవైలో పందొమ్మిదిసార్లు ఆ కబురు కాస్త ఆలస్యమైందంతే, అసలు రానిది ఎప్పుడో ఒకసారి. ప్రాణం తీసేదన్నావు చూడు, ప్రాణం కాపాడేది అదే.

ఇప్పుడు రెండోది. నువ్వు రాసి పంపిన కాగితం నాది.

తొమ్మిదేళ్ళ కిందట, ఈ ఆఫీసులోనే నేను చేరిన కొత్తలో. ఆ బటన్ నేనే తయారుచేశాను. నలభై ఒక్క ఫ్యాక్టరీలకి వెళ్ళింది. ఎర్రర్ పన్నెండు విసిగిస్తోందని రోజూ ఫోన్లు. మా పైయాయన, ఈ ఫోన్లు ఆగిపోవాలి అన్నాడు. నేను టిక్కు తీసి చూశాను. నా బల్ల మీద మోటారు లేదు, రోలర్లు లేవు. మోటారుకి బదులు ఒక చిన్న పచ్చ దీపం ఉండేది. టిక్కు తీశాక ఒకసారి ఆ దీపం వేలు తీసినా వెలుగుతూనే ఉండిపోయింది. మళ్ళీ తాకాను, ఆరిపోయింది. పర్వాలేదులే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఆ కాగితం రాశాను. "నిశ్చింతగా" అనే మాట బాగుందని పైయాయన మెచ్చుకున్నాడు.

నీ దస్తూరీలో ఆ మాట చదివినప్పుడు మొదట గుర్తు పట్టలేదు. ఎవరో బాగా రాశారే అనుకున్నాను. అలా అనుకున్నాక తెలిసింది.

మా ఆఫీసులో చెప్పేశాను. మీ మేనేజరుకి, విచారణ అధికారికి రిజిస్టరు పోస్టులో అంతా రాసి పంపాను. వచ్చి వాళ్ళ కళ్ళముందు చేసి చూపిస్తానని కూడా రాశాను. నన్ను ఏమన్నా అను. ఏమీ అనకపోతే భరించలేను.

అమ్మడు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 4

అమ్మడికి,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. మూడుసార్లు చదివాను. నాలుగోసారి పిన్ని లాక్కుని చదివి, పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా కదలకుండా నిలబడింది. ఆ రోజు ఇద్దరం పచ్చి మంచినీళ్ళతో సరిపెట్టుకున్నాం.

నేను నొక్కలేదని తెలిస్తే పండగ చేసుకుంటాననుకున్నాను. నొక్కింది నువ్వని తెలిశాక నేను నొక్కి ఉన్నా బాగుండేదనిపించింది. ఇది రాయకూడదేమో. నువ్వే ఏదో ఒకటి అనమన్నావు.

చెల్లెమ్మకి చెప్పాను. సగంలో ఆపి నీ ఉత్తరమే చేతికిచ్చాను. మొదటినుంచి చివరిదాకా చదివి, మడతపెట్టి, "ఆ అమ్మాయిని రమ్మను. నేను కూడా చూడాలి" అంది.

విచారణ ఏప్రిల్ 19. రా.

బాబాయి


ఆఫీసు నుంచి,
ఏప్రిల్ 26

బాబాయికి నమస్కారాలు.

ఆ రోజు నువ్వు గోడవారగా నిలబడ్డావు. ఫ్యాన్ల హోరులో ఎవరు ఏమన్నారో నీకు వినపడి ఉండదు. పెదాలు చదివేంత దగ్గరలో లేవు. స్టేషనులో నన్ను రైలెక్కించేటప్పుడు అడుగుతావనుకున్నాను, అడగలేదు. అందుకే రాస్తున్నాను.

రోలర్ల మధ్య ఒక పచ్చి సబ్బు ముద్ద పెట్టమన్నాను. తలుపు తీసి ఉంచి, పచ్చది నొక్కి పట్టుకున్నాను. ఎర్ర పేజీ వచ్చింది. వేలు తీశాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తెరకి దూరంగా వచ్చి నిలబడ్డాను. మీ మేనేజరు, "ఏం జరగలేదే" అన్నాడు. పద్నాలుగు నిమిషాలు ఆగుదామన్నాను. అంతసేపు దేనికి అని ఎవరో గొణిగారు. విచారణ అధికారి ఆగుదామన్నారు. ఆగాం. ఆ పద్నాలుగు నిమిషాలూ ఎవరూ మాట్లాడలేదు, నీకు వినపడకపోయింది ఏమీ లేదు. తర్వాత మెకానిక్‌ని కర్రతో తలుపు తొయ్యమన్నాను.

సబ్బు ముద్ద ఏమైందో నువ్వు చూశావు.

మేనేజరు కుర్చీలో కూలబడి, "మరి ఈయన మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నాడు కదా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. అధికారి రాసుకుంటున్న కలం పక్కన పెట్టేశారు. ఆ కాగితం ఎవరు రాశారని అడిగారు. నేనేనన్నాను. అందరి ముందూ ఒకసారి చదవమన్నారు. చదివాను. "నిశ్చింతగా" దగ్గర ఆగిపోయాను. చెల్లెమ్మగారు లేచి వచ్చి, నా చేతిలోంచి కాగితం తీసుకుని ఆ చివరి మాట తనే పైకి చదివారు. నన్ను తిట్టలేదు. "నీ బల్ల మీద దీపం బదులు ఒక మనిషి ఉండాల్సింది" అన్నారు. అంతే అన్నారు. నాకిప్పుడు ఏ పని మొదలుపెట్టినా ఆ మాటే ముందు వినపడుతోంది.

ఇక్కడ నన్ను ఆ పనినుంచి తప్పించారు. ఉంచుతారో పంపుతారో ఇంకా తేల్చలేదు. ఈలోగా ఆ నలభై ఒక్క ఫ్యాక్టరీలకీ నేనే ఉత్తరాలు రాస్తున్నాను, టిక్కు మళ్ళీ పెట్టమని, కడిగేటప్పుడు మెయిన్ స్విచ్చికి తాళం వెయ్యమని. నిన్న ఒకచోటునుంచి జవాబొచ్చింది. ఆరేళ్ళ కిందట మా దగ్గర ఇలాగే ఒకతన్ని పనిలోంచి తీసేశాం, అతను కూడా నొక్కలేదనే అన్నాడు, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు అని రాశారు. మూడే వాక్యాలు. అతన్ని వెతుకుతున్నాను.

నీ మీద మచ్చ పోయింది. అదొక్కటే ఈ మూడు నెలల్లో నేను చేసిన మంచిపని. నువ్వు మళ్ళీ పనిలో చేరావని పిన్ని ఫోనులో చెప్పింది. నీ దగ్గరినుంచి ఒక్క ముక్క లేదు. కోపమా?

నీ
అమ్మడు


ఇంటి నుంచి,
మే 11

చిరంజీవి అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

కోపం కాదు తల్లీ, సిగ్గు. నా మచ్చ పోయిందని నువ్వు రాశావు, విచారణ కాగితంలో వాళ్ళూ రాశారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఎవరికీ చూపించలేకపోయాను.

నీకు చెప్పనిది ఒకటుంది. పిన్నికి కూడా చెప్పలేదు. జనవరి మొదటి వారంలో ఆ యంత్రం ఒకసారి ఇలాగే తిరిగింది. తలుపు వేశాం, ఎవరూ ముట్టకుండానే తిరిగింది. ఎవరి చెయ్యీ లోపల లేదు. చెల్లెమ్మ పక్కనే ఉంది. "చూశావా, దీనికి మనకంటే తొందర" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. రిజిస్టరులో రాయాలి. కలం తీశాను కూడా. రాస్తే, ఈ ముసలాడికి కొత్త తెర చేతకావడం లేదని నన్ను సంచులు మోసే చోటికి తోసేస్తారని భయమేసింది. కలం జేబులో పెట్టేసుకున్నాను.

నీ బల్ల మీద దీపం ఒకసారి వెలిగి ఉండిపోయిందని రాశావు చూడు, ఆ ముక్క చదివి నేను పదకొండు రోజులు నీకు రాయలేకపోయింది నీ తప్పు వల్ల కాదు. అంతా నువ్వొక్కదానివే మోస్తుంటే నేను గోడవారగా నిలబడి చూశాను. వినపడలేదన్న వంక ఒకటి ఉంది నాకు.

మే 2న అధికారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. కేసు అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ఇదంతా అన్నాడు. రాసుకోమన్నాను. రాసుకున్నాడు. అక్కణ్ణుంచి తిన్నగా చెల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. ఆమె చాట కింద పెట్టి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అంది.

"నాకు గుర్తుంది అన్నా. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాగా. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా."

అరుగు మీద కూర్చుండిపోయాను. మరి విచారణలో నువ్వెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నీ ఉద్యోగం పోయేది కదా అంది. వేళ్ళు పోగొట్టుకున్న మనిషి, మూడు నెలలు నా ముఖం చూడకుండా, నా ఉద్యోగం కాచింది.

నేను చెప్పినదానికి శిక్ష వేశారు. తెర దగ్గరినుంచి తీసేశారు. చెల్లెమ్మకి ఏ పని ఇవ్వాలో తెలియక తలపట్టుకుంటుంటే, ఆమే మేనేజరు ఎదుట నిలబడి ఆ తెర తనకిమ్మని అడిగింది. రెండు వారాలు నేర్పాలని నన్ను పురమాయించారు. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. నేను నేర్పనివి కూడా అడిగింది. పేజీ మారేటప్పుడు వేలు ఎక్కడుందో తెరకి ఎలా తెలుస్తుందని అడిగింది. నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివి చెప్పాను.

రోలర్లు కడగడానికి మనిషి కావాలి. ఎవరూ ముందుకు రాలేదు. నేను చేస్తానన్నాను.

నిన్న మొదటి రోజు. ఎర్రర్ పన్నెండు మళ్ళీ వస్తోంది, ఎవరూ విసుక్కోవడం లేదు. మోటారు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. ఆమె పచ్చది నొక్కి చూసి, తిరగడం లేదని తల ఊపింది. నేను జాలీ తలుపు తీశాను. గుడ్డ తడిపాను. తాళంచెవి నా దగ్గరే ఉందని తెలుసు, యంత్రానికి కరెంటు లేదని తెలుసు. అయినా చెయ్యి లోపలికి పోలేదమ్మా. తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆమె చూసింది. తెర ముందు కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చుని, నాకు బాగా కనపడేలా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది. ఒకదానికి ఐదు వేళ్ళు, ఒకదానికి రెండు.

నేను కడగడం అయ్యేదాకా దించలేదు.

బాబాయి